మా పెరటి వైపు తిరిగిన స్పీకరు

బస్‌స్టేషన్ మేనేజరు గారి సముఖమునకు,

బస్‌స్టాండు వెనక ప్రహరీని ఆనుకుని ఉన్న ఇంట్లో కాపురముంటున్న, బోర్డులు రాసేవాడు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బస్‌స్టాండు వెనక స్తంభం మీద, మా పెరటి వైపు తిరిగి ఉన్న స్పీకరులో పాత గొంతును తిరిగి వినిపించి, మా కోళ్లను గద్ద, ముంగిస వగైరాల బారి నుంచి కాపాడవలసినదిగా కోరుట గురించి.

పై విషయమై తమకు సవినయముగా మనవి చేసుకొనునది:

1. తమరు ఈ స్టేషనుకు కొత్తగా వచ్చారు గనుక ముందుగా అర్జీదారు ఎవరో తెలుపుకొనుట ధర్మం. తమ బస్సుల నొసటి మీద ఊళ్ల పేర్లు మొదలుకొని, లోపల 'చేతులు బయట పెట్టరాదు', వెనక 'దూరం పాటించండి' వరకు ఒకప్పుడు అన్నీ ఈ చేతి రాతలే. తమరి గది తలుపు మీద 'అనుమతి లేనిదే లోపలికి రారాదు' అన్నదీ నేను రాసినదే. ఈ విషయమై తమను కలుసుకొనుటకు వచ్చి ఆ తలుపు ముందు ఒక పూటంతా నిలబడ్డాను. రాసినవాడికి కూడా అది ఇంత గట్టిగా తగులుతుందని రాసేటప్పుడు అనుకోలేదు.

తర్వాత ఎలక్ట్రిక్ బోర్డులు వచ్చాయి. అక్షరాలు పరిగెడుతున్నాయి, చదివేవాళ్లూ వాటి వెంట పరిగెడుతున్నారు. దానిపై నాకు ఎట్టి ఆక్షేపణా లేదు. ప్రస్తుతం దుకాణాలకూ గోడలకూ రాసుకుంటూ బతుకుతున్నాను. ఈ అర్జీ అందంగా ఉన్నట్టు తోస్తే కారణం అదే. తప్పులు లేనట్టు తోస్తే మాత్రం కారణం మా ఆవిడ. నేను ఏది రాసినా ముందు కాగితం మీద రాసి ఆమెకు చూపించి, ఆమె తల ఊపాకే రంగు డబ్బా మూత తీస్తాను. ఈ అర్జీ కూడా ఆమె చూశాకే తమకు చేరుతుంది.

2. సదరు మా ఆవిడ ఈ బస్‌స్టాండులోనే మైకు దగ్గర పనిచేసింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పుట ఆమె ఉద్యోగం. అంటే, నేను ఊళ్ల పేర్లు రాసేవాణ్ణి, ఆవిడ చదివేది. మా పెళ్లి అలాగే కుదిరింది. ఆమె గొంతు ఎటువంటిదో రాతలో తెలుపుట కష్టం. తీయటి గొంతు మాత్రం కాదు. బెంచీ మీద గుర్రు పెట్టి నిద్రపోతున్నవాడు ఉలిక్కిపడి లేచి, తన బస్సు కాకపోయినా ఎక్కేసే గొంతు. ఆమె 'దొంగలున్నారు, జాగ్రత్త' అంటే దొంగలు కూడా జేబులు తడుముకునేవారని కంట్రోలర్లు చెప్పుకుని నవ్వేవారు.

కొన్నేళ్ల తర్వాత రోజూ అరవనక్కరలేకుండా సంస్థవారు ఆ మాటలన్నీ రికార్డు చేయించి, మీట నొక్కితే వినిపించే ఏర్పాటు చేశారు. ఆమెను టికెట్ల కౌంటరుకు మార్చారు. ఆపైన ఆమె గొంతులో కాయ తేలింది. ఆపరేషను చేసి స్వరపేటిక తీసేశారు. 'మనిషి దక్కింది, సంతోషించండి' అన్నారు డాక్టరు గారు. సంతోషించాను. ఇప్పటికీ సంతోషిస్తూనే ఉన్నాను. ఈ అర్జీలో ముందు ముందు ఏది చదివినా తమరు దీన్ని పొరపాటుగా అర్థం చేసుకోకూడదని ఇక్కడే రాసి పెడుతున్నాను.

ఆ విధంగా ఇంట్లో ఆమె మాట పోయింది. గోడ అవతల పోలేదు. ఆవిడ మెడకు పల్చటి గుడ్డ కట్టుకుని పెరట్లో ముక్కాలి పీట మీద కూర్చుని ఉంటే, నెత్తి మీద స్పీకరులోంచి ఆవిడే బస్సులన్నింటినీ పేరుపేరునా పిలుస్తూ ఉండేది.

3. కోళ్ల విషయము. ఊరికే కూర్చోవడం ఆమె వల్ల కాదు. కోలుకుంటూండగానే కోళ్లు తెప్పించుకుంది. పేర్లు పలక మీద రాసి చూపించింది, పిలవడం నా వంతు. ఎక్స్‌ప్రెస్ అనే పెట్ట ఎక్కడా ఆగదు. ఆర్డినరీ ప్రతి గింజ దగ్గరా ఆగుతుంది. డీలక్స్ ఎండలోకి రాదు. స్పెషల్ ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. పుంజు పేరు కంట్రోలర్. పొద్దస్తమానం కూస్తూ ఉంటుంది, దాని మాట ఎవరూ చెవిన పెట్టరు. ఇది తమరు రాకముందు పెట్టిన పేరు అని గమనించ ప్రార్థన.

4. సదరు కోళ్లకు శత్రువులు ఇద్దరు. ఒకటి గద్ద. అది తమ బస్‌స్టాండు నీళ్ల ట్యాంకు మీద మకాం ఉంటుంది. రెండవది ముంగిస. అది మా గోడకు అవతల, తమ సంస్థ వారు తుక్కు కింద వదిలేసిన పాత బస్సులో, డ్రైవరు సీటు కింద కాపురం పెట్టింది. ఒకప్పుడు ఆ బస్సుకు హారను తప్ప అన్నీ మోగుతాయని జనం అనుకునేవారు. ఇప్పుడు అన్నీ ఊడిపోయి హారను ఒక్కటే మిగిలింది. ఈ రెండు జీవులూ తమ సంస్థ ఆవరణలోనే నివసిస్తున్నాయి గనుక, వాటి ప్రవర్తనకు కొంతవరకు తమరే బాధ్యులని చెప్పక తప్పదు.

ఈ సందర్భంలోనే ఇంకొక సంగతి. కిందటి వారం ఆ బస్సు హారను తనంతట తానే మోగింది. నేను కంగారుపడి పెరట్లోకి పరిగెత్తి చూడగా అక్కడ మా ఆవిడ తప్ప ఎవరూ లేరు. ఎవరు మోగించారో తెలియరాలేదు. ముంగిస మీద అనుమానం ఉంది. దయచేసి విచారించగలరు.

5. పాత గొంతు వినిపించినన్నాళ్లూ ఈ రెండూ మా పెరట్లో అడుగు పెట్టలేదు. అప్పట్లో కారణం ఆలోచించలేదు. ముంగిస గోడ ఎక్కేది. ముందు కాళ్లు ఎత్తి నిలబడి, కోళ్లను ఒక్కొక్కదాన్నే చూసుకునేది. ఇంతలో పైనుంచి 'ప్రయాణికులకు ముఖ్య గమనిక! దొంగలున్నారు, జాగ్రత్త!' అని వచ్చేది. తనను ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు అది గతుక్కుమని వెనక్కి దూకేది. మా ఆవిడ నవ్వేది. శబ్దం ఉండదు గనుక భుజాలతో నవ్వేది.

6. ఇలా ఉండగా వానలకు ముందు తమ సంస్థవారు పాత గొంతు తీసేసి మిషను గొంతు పెట్టారు. ఆ గొంతు మీద నాకు కోపం లేదు. మర్యాద తెలిసిన గొంతు. 'దయచేసి గమనించగలరు' అంటుంది, గమనించకపోయినా ఏమీ అనుకోదు. కానీ మొదటిరోజే ముంగిస గోడ ఎక్కి, కొత్త గొంతు చెప్పినదంతా చివరిదాకా విని, తీరుబడిగా లోపలికి దిగింది. స్పెషల్‌ను పట్టుకుపోయింది. స్పెషల్ ఎప్పుడూ కనబడేది కాదు గనుక, పోయిన సంగతి మాకు సాయంత్రానికి గాని తెలియలేదు.

ఆర్డినరీ సంగతి అలా కాదు. అది మా కళ్ల ముందే పోయింది. పట్టపగలు, వంటింటి మెట్టు దగ్గర గింజ ఏరుకుంటోంది. గద్ద నీడ ముందు పడింది. మా ఆవిడ పీట మీంచి లేచి నోరు తెరిచింది. మెడలో నరాలన్నీ పైకి లేచాయి. గుడ్డ ఒక్కటే ఎగిరి పడింది గాని శబ్దం రాలేదు. ఆర్డినరీ తల ఎత్తి ఆవిడ వైపే చూసింది. ఎప్పుడూ వినిపించే కేక ఏదో వినిపిస్తుందని ఆగినట్టుంది. గద్ద దాన్ని తీసుకుపోయాక కూడా ఆవిడ నోరు చాలాసేపు అలాగే తెరుచుకుని ఉంది. నేనే వెళ్లి మూశాను. ఈ సంఘటన జరిగిన నాటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఇది అర్జీలో రాయదగిన విషయం కాదని తెలిసే రాస్తున్నాను.

7. తమకు శ్రమ ఇవ్వకుండా నా వంతు ప్రయత్నాలన్నీ చేశాను. నాకు వచ్చిన విద్య రాయడమే గనుక మొదట ఒక బోర్డు రాశాను. 'ఇచ్చట ప్రవేశము లేదు' అని ఎర్రరంగుతో రాసి, ముంగిస కంటికి ఆనే ఎత్తులో గోడకు దిగగొట్టాను. ఆనాటి నుంచి పోస్టుమాను లోపలికి రాకుండా ఉత్తరాలు గోడ మీంచి విసిరి పోతున్నాడు. ముంగిస బోర్డు కింది నుంచే వస్తోంది.

తర్వాత గూటి తలుపుల మీద రెండు పెద్ద కళ్లు రాశాను. నా పనిని నేనే పొగుడుకోకూడదు గాని, నిద్రలో కూడా తరిమే కళ్లు కుదిరాయి. గద్ద వచ్చి తీరిగ్గా వాటి పైనే వాలింది. కోళ్లు మాత్రం హడలిపోయి గూటి వైపు వెళ్లడమే మానేశాయి. గుడ్లు పెట్టడం మానేశాయి. అన్నీ వచ్చి మా వంటింటి బల్ల కింద దూరాయి. కంట్రోలర్ అందరికంటే ముందు దూరాడు. మా ఆవిడ సున్నం బకెట్టు తెచ్చి నా చేతికిచ్చింది. ఆ ఒక్కసారీ సైగ అవసరం లేకుండానే అర్థమైంది.

చివరికి, ఆ మాటలన్నీ నాకు కంఠతా వచ్చినవే గనుక, నేనే పెరట్లో నిలబడి అరిచాను. నాది బోర్డులు రాసేవాడి గొంతు. 'దొంగలున్నారు, జాగ్రత్త' అని నేనంటే ఎవరో జాలిపడి సమాధానం చెప్పవలసినట్టు వినిపిస్తుంది. గోడ అవతల నుంచి ఒక పెద్దాయన, "నాయనా, పొద్దున పోయే బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుంది?" అని అడిగాడు. అడిగాక చెప్పకపోవడం బాగుండదని మూడో నంబరు అన్నాను. అక్కడ నిజంగా ఏ బస్సు ఆగుతుందో నాకు తెలియదు. ఆ పెద్దాయన ఎక్కడ దిగాడో అని ఇప్పటికీ బెంగగా ఉంది. ఈ నేరానికి తమరు ఏ శిక్ష వేసినా శిరసావహిస్తాను.

8. మా ఆవిడ ఒక స్టీలు పళ్లెమూ గరిటా పట్టుకుని పెరట్లో నిలబడటం మొదలుపెట్టింది. ముంగిస తల కనబడితే చాలు, వాయించేది. ముంగిస పారిపోయిన మాట వాస్తవం. గద్ద ట్యాంకు దిగని మాట కూడా వాస్తవమే. అయితే అర్జీ ఎందుకని తమరు అడగవచ్చు. ఆపరేషను అయిన మనిషి అలా ఎండలో నిలబడి చేతులు నొప్పి పుట్టేలా పళ్లెం వాయించడం నేను చూడలేకపోయాను. ఊరు ఊరంతా ఎవరి గొంతు విని బస్సెక్కిందో, ఆ మనిషి చేతిలో గరిట ఏమిటి? అందుకని పళ్లెం తీసి దాచాను. ఎక్కడ దాచానో రాయడం లేదు, ఈ కాగితం ఆమె చూస్తుంది గనుక.

పక్కింట్లో కుట్టుమిషను పెట్టుకున్న పిన్ని ఒకావిడ ఉంది. మా గోడ మీంచి తల పెట్టి లోకమంతా చూస్తుంది. ఆవిడ ఊరుకోలేదు.

"ఏమయ్యా, ఆ పళ్లెం ఎందుకు లాక్కున్నావు? నిన్నగాక మొన్న ముంగిస తోక ఎత్తుకుని ఒకటే పరుగు. నేను చూశా కదా!"

"అలిసిపోతోంది పిన్నీ. తనకి విశ్రాంతి కావాలి."

"అలిసిపోతున్నది అదా, నువ్వా? అది హాయిగానే ఉంది. నీ ముఖమే పీక్కుపోయింది."

"నాకేం పిన్నీ, బాగానే ఉన్నా."

"బాగుంటే ఆ స్తంభం కింద కూర్చుని ఏం చేస్తున్నావ్ రోజూ? ఇప్పుడు అందులోంచి దాని గొంతు రావట్లేదుగా?"

ఈ ప్రశ్నకూ ప్రస్తుత అర్జీకీ సంబంధం లేదు గనుక జవాబు ఇక్కడ పొందుపరచడం లేదు. అక్కడ కూడా ఇవ్వలేదు.

9. పాత గొంతు తిరిగి పెట్టమని తమ ఎంక్వయిరీ కిటికీ దగ్గరికి కాళ్లరిగేలా తిరిగాను. అక్కడి గుమాస్తా మంచివాడు. నా చేత తన స్కూటరు నంబరు రాయించుకున్నవాడు.

"అన్నా, ఆ గొంతుకి జనం జడుసుకుంటున్నారంట. పైవాళ్లు మార్చేశారు. నా చేతుల్లో ఏముంది?"

"ముంగిస కూడా జడుసుకునేది తమ్ముడూ. అదే కదా చెప్తున్నా."

"ముంగిస టికెట్టు కొనదు కదన్నా."

"కొనదు. కానీ మీ బస్సులోనే ఉంటోంది."

అతడు కిటికీలోంచి కొంచెం ముందుకు వంగాడు. తర్వాత గొంతు తగ్గించి, "వదిన ఎలా ఉంది?" అని అడిగాడు. బాగుందన్నాను. "ఆ రికార్డు పెట్టె స్టోరు గదిలోనే ఉందన్నా. తుడిచేయలేదు. కానీ బయటికి తియ్యాలంటే మేనేజరు గారి ఆర్డరు కావాలి" అన్నాడు. తమకు ఈ అర్జీ రాయుటకు ధైర్యం కలిగినది అందువల్లనే. సదరు గుమాస్తాపై ఎట్టి చర్యా తీసుకొనరాదు.

10. ఇక్కడ ఒక విషయం దాచిపెట్టడం భావ్యం కాదు. ఆ రికార్డులో ఒక పొరపాటు ఉంది. రికార్డింగు రోజున నేను కొత్త బోర్డు ఒకటి ఆరబెట్టి ఆ గదిలోకి వెళ్లాను. మా ఆవిడ చివరి ప్రకటన చదివేసి, మైకు ఆపేశారనుకుని, నావైపు తిరిగి, 'ఏవండీ, చొక్కా వెనకాల రంగంటింది, చూసుకోండి' అంది. రికార్డు చేసినాయన ఆ ముక్క తీసేయడం మరిచిపోయాడు. ఆనాటి నుంచి ఆఖరి ప్లాట్‌ఫారం ప్రకటన వచ్చినప్పుడల్లా, దాని తోకగా ఈ మాట బస్‌స్టాండంతా మారుమోగేది. ఊరికి కొత్తవాళ్లు మెడలు తిప్పి చొక్కాలు చూసుకునేవారు. బెంచీల మీద కూర్చున్నవాళ్లు దిగ్గున లేచేవారు. పాతవాళ్లు నవ్వుకునేవారు. ఇన్నేళ్లలో దానిపై ఒక్క ఫిర్యాదూ రాలేదు. కొందరి చొక్కాలకు నిజంగానే ఏదో ఒకటి అంటి ఉండేది.

ఆమె ఆపరేషను తర్వాత నేను నా పని సామానంతా పెరట్లోకి మార్చుకున్నాను. వెలుతురు బాగుంటుందని మార్చుకున్నాను. స్తంభం ఆ పక్కనే ఉండుట కాకతాళీయం. ఆ మాట వచ్చినప్పుడల్లా కుంచె కింద పెట్టి, వెనక్కి తిరిగి చూసుకుని, 'ఆఁ, చూశా' అనేవాణ్ణి. రోజుకు ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ అనేవాణ్ణి. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు.

ఇప్పుడు ఆ మాట రావడం లేదు. ఇల్లంతా నిశ్శబ్దం. మా ఆవిడ చేతులతో ఏవేవో చెబుతుంది. నాకు అర్థం కాదు. మొన్న ఉప్పు అడిగితే గొడుగు తెచ్చి ఇచ్చాను. భుజాలతో నవ్వింది గాని రెండోసారి అడగలేదు, తనే లేచి వెళ్లి తెచ్చుకుంది. ఆమె అడగడం మానేస్తుందేమో అని నాకు భయంగా ఉంది. మాట పోయినందుకు ఆమె ఏడవలేదు. నేనే, ఆ మిషను గొంతు మొదటిసారి విన్నరోజున, రంగు డబ్బా తన్నేసుకుని స్తంభం కింద కూలబడ్డాను. అయ్యా, నాకు ఆ గొంతు కావాలి.

పై వాక్యములో 'నాకు' అన్న చోట 'కోళ్లకు' అని చదువుకొనవలెను.

11. కావున తమరు దయతలచి, స్టోరు గదిలోని పెట్టెను బయటికి తీయించి, వెనక స్తంభం మీది ఒక్క స్పీకరుకు మాత్రం పాత గొంతును కలిపించ ప్రార్థన. అది ప్రయాణికుల వైపు తిరిగి లేదు, మా పెరటి వైపే తిరిగి ఉంది గనుక ఎవరూ జడుసుకోరు. మొత్తం వినిపించుట సాధ్యము కానిచో 'దొంగలున్నారు, జాగ్రత్త' అన్నది మాత్రం వినిపించినా చాలును. అదీ కుదరనిచో ఆఖరి ప్లాట్‌ఫారం ప్రకటన, దాని తోకతో సహా, రోజుకు ఒక్కసారి. ఆ తోక విని ముంగిస పారిపోయిన దాఖలాలు ఏవీ లేవు. అయినా దాన్ని తీసేయవద్దు.

ఇందుకు ప్రతిగా తమ తలుపు మీది అక్షరాలు వెలిసి ఉన్నాయి, ఉచితంగా తిరిగి రాసి ఇస్తాను. తమరు సరేనంటే 'రారాదు' అన్నదాన్ని కొంచెం మెత్తగా రాస్తాను.

బతికి ఉన్న ఎక్స్‌ప్రెస్, డీలక్స్, కంట్రోలర్‌ల పక్షాన ఈ మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వెనక గోడ ఇంటి బోర్డులు రాసేవాడు

తా.క.: ఇది అర్జీదారు భార్య రాస్తున్నది. చేతిరాత మారినందుకు మన్నించాలి. తప్పులు చూడమని ఈ కాగితాలు నా చేతికిచ్చి ఆయన రంగులు కొనడానికి బజారుకు వెళ్లారు. చూశాను. అక్షరాల్లో తప్పులు లేవు. విషయంలో ఉన్నాయి.

ఆర్డినరీ పోయిన రోజున నా నోట శబ్దం రాని మాట నిజమే. ఆ రోజంతా నాకు చచ్చిపోవాలనిపించింది. మర్నాడు పొద్దున్నే పళ్లెం తీశాను. పళ్లెం నా చేతిలో ఉన్నన్ని రోజులూ ఒక్క ఈక కూడా పోలేదు. దాన్ని ఆయన బీరువా మీద, పాత రంగు డబ్బాల వెనక దాచారు. దాచిన రోజే చూశాను. తీసుకుంటే బాధపడతారని ఊరుకున్నాను.

ఇక ఆ గొంతు. అది నాదే. మంచి గొంతే. ముంగిస బెదిరితే మొదట్లో నాకూ నవ్వొచ్చేది. కానీ అది ఎప్పుడూ ఆ పాత మాటలే చెబుతుంది. ఇవాళ నాకు ఆకలిగా ఉందని చెప్పదు, వాన వచ్చేట్టుంది బట్టలు తీయండని చెప్పదు. ఆయన ఆ స్తంభం వైపు తిరిగి 'ఆఁ, చూశా' అంటున్నప్పుడల్లా నేను ఆయన వెనకాలే పీట మీద కూర్చుని ఉండేదాన్ని. చొక్కాకు నిజంగానే రంగు అంటి ఉండేది. లేచి వెళ్లి వేలితో చూపించేదాన్ని. చూసేవారు కాదు. స్పీకరు చెబితేనే చూసుకునేవారు. పోనీ పలక మీద రాసి చూపిస్తే, 'ఆ ఒత్తు కొంచెం కిందికి జారింది' అని దిద్దేవారు గాని ఏం రాశానో చదివేవారు కాదు.

తమ సంస్థవారు గొంతు మార్పించిన రోజున, ఆయనకు తెలియనివ్వకండి, నేను లోపల సంతోషించాను. ఇక ఇటు తిరుగుతారనుకున్నాను. తిరగలేదు. అర్జీ రాయడానికి కూర్చున్నారు.

కావున పై అర్జీని తోసిపుచ్చవలసినదిగా ప్రార్థన. ఆ పెట్టె స్టోరు గదిలోనే ఉండనివ్వండి. తుడిచేయనక్కరలేదు. ఎప్పుడైనా ఇద్దరం కలిసి వచ్చి ఒకసారి విని వెళతాం.

దానికి బదులు నాకు ఒకటి ఇప్పించండి. ముంగిస ఉన్న పాత బస్సుకు, డ్రైవరు కిటికీ పక్కన, చేత్తో పిండితే మోగే రబ్బరు హారను ఇంకా ఉంది. దానికి ఊపిరితో పనిలేదు, పిడికిలి చాలు. కిందటి వారం దాన్ని మోగించింది ముంగిస కాదు. స్టూలు ఎక్కి, గోడ మీంచి చెయ్యి చాపి నేనే పిండాను. ముంగిస అవతలి కిటికీలోంచి దూకి పోయింది. గద్ద ట్యాంకు మీంచి లేచిపోయింది. కంట్రోలర్ గూట్లో దూరాడు. ఇంట్లోంచి ఆయన "ఏమైంది? ఏమైంది?" అంటూ పరిగెత్తుకొచ్చి, నా భుజాలు పట్టుకుని నా ముఖంలోకి చూశారు. చాలాకాలానికి చూశారు. అప్పుడే చొక్కా వైపు చూపించాను, చూసుకున్నారు.

హారను ఇప్పిస్తే గోడకు బిగించుకుంటాను. రెండుసార్లు మోగితే ముంగిస పోవాలి, ఒకసారి మోగితే ఆయన రావాలి. ఆ తేడా ముంగిసకు తొందరగానే తెలుస్తుంది. ఆయనకు నేను నేర్పుకుంటాను.